ఏటూరునాగారం అడవిలో బండి, టెంట్, మూడు రోజులు: ముందు మకాం తేల్చుకోండి, దారి సంగతి తర్వాత

హైదరాబాద్ నుంచి భూపాలపట్నం పోయే 163 నంబర్ జాతీయ రహదారి ములుగు దాటి, పస్రా నుంచి అడవిలో పడుతుంది. తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం చేరేదాకా రెండు పక్కలా టేకు, నల్లమద్ది, తునికి, వెదురు. ఈ అడవంతా 806 చదరపు కిలోమీటర్ల ఏటూరునాగారం అభయారణ్యం. 1950ల మొదట్లో, ఇంకా హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల్లోనే దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

బైకుకు టెంట్ కట్టుకుని ఇటు వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్‌లో రూటు చూసుకుని, చీకటి పడ్డచోట దిగుదాంలే అనుకుని బయల్దేరతారు. హైవే ధాబాల దారిలో అది నడుస్తుందేమో గానీ ఇక్కడ నడవదు. చట్టమూ ఒప్పుకోదు, అడవీ ఒప్పుకోదు. అందుకే రాత్రి ఎక్కడ పడుకుంటామో తేలాకే మిగతా లెక్కలన్నీ వేసుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. వాగులు తగ్గి ఉంటాయి, ఎండ కొట్టదు. రాత్రి చలి మాత్రం గట్టిగానే ఉంటుంది. అడవి పచ్చగా, బొగత జలపాతం నిండుగా ఉండాలంటే అక్టోబర్ చివర చూసుకోవచ్చు.

వానాకాలంలో టెంట్ ఆలోచనే వద్దు. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ అంత నమోదు కాలేదు. ఆ వరదలోనే జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామంలో మనుషులు కొట్టుకుపోయారు. పగలు మోకాలి లోతున్న వాగు రాత్రికి ఊరి మీదికి రావడం ఇక్కడి జనం కళ్లారా చూసిందే. హనుమకొండ నుంచి వచ్చే దారిలో కూడా కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకితే నీళ్లు రోడ్డెక్కుతాయి, బండ్లు ఆగిపోతాయి.

మార్చి నుంచి మే దాకా ఎండ సంగతి అటుంచండి, అడవి ఎండు ఆకులతో నిండి ఉంటుంది. కార్చిచ్చుల కాలం అది. అటవీ సిబ్బంది తలమునకలుగా ఉంటారు, అనుమతులు అడిగితే విసుక్కుంటారు. విసుక్కోవడం న్యాయమే.

ఇంకో లెక్క కూడా ఉంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. జాతర ఏడు ఆ నెలంతా ఈ దారుల్లో బస్సులు, ఎడ్లబండ్లు, పోలీసుల వన్‌వేలు. అమ్మలకు మొక్కు ఉంటే ఆ మొక్కుకే వెళ్లిరండి, క్యాంపింగ్ ఆ ఏడాది ముందో వెనకో పెట్టుకోండి.

మకాం, అనుమతి

జాతీయ రహదారి మీద, ఊళ్లను కలిపే తారురోడ్ల మీద పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోడ్డు దిగి అడవి బాట పట్టాలన్నా, లోపల రాత్రి ఉండాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో చెబుతుంది, 28వ సెక్షన్ పర్యటనకూ ఫొటోగ్రఫీకీ అనుమతి ఇచ్చే పద్ధతి చెబుతుంది. 30వ సెక్షన్ ప్రకారం నిప్పు పెట్టడం నేరం. 31వ సెక్షన్ ఆయుధాలతో రావద్దంటుంది. ఆ చట్టం లెక్కలో కత్తి, వల, గాలం కూడా ఆయుధాలే. ఆన్‌లైన్‌లో కొన్న పెద్ద సర్వైవల్ కత్తి నడుముకు కట్టుకుని చెక్‌పోస్టు దగ్గర దిగితే సమాధానం మీరే చెప్పుకోవాలి. చాపలు పడదామని గాలం తెచ్చుకున్నా అంతే.

ఈ గోలంతా లేకుండా టెంట్ సరదా తీరాలంటే రెండు చోట్లు అడగండి. ఒకటి లక్నవరం: గోవిందరావుపేట మండలంలో కాకతీయుల నాటి చెరువు, పర్యాటకశాఖ కాటేజీలు అక్కడున్నాయి. రెండోది తాడ్వాయిలో అటవీశాఖ హట్స్. బుక్ చేసేటప్పుడే మూడు ప్రశ్నలు వేయండి. సొంత టెంట్ ఆవరణలో వేసుకోనిస్తారా? రాత్రి కాపలా ఎవరుంటారు? భోజనం దొరుకుతుందా? టెంట్‌కు ఒప్పుకోకపోతే గది తీసుకోండి. పంతం పట్టి పక్కనున్న అడవిలోకి పోవద్దు.

లోపలి బాటలు తిరగాలంటే ప్రయాణానికి కనీసం వారం ముందు రేంజ్ ఆఫీసుకు దరఖాస్తు ఇవ్వండి. అందులో అందరి పేర్లు, ఆధార్ నకళ్లు, బండి నంబర్లు, తేదీలు, ఏ బాటలో వెళ్తారు, రాత్రి ఎక్కడుంటారు అన్నవి ఉండాలి. ఫోన్‌లో మాట తీసుకుని వదిలేయకండి. అనుమతి కాగితం చేతికొచ్చాక రెండు జిరాక్సులు తీయించి ఒకటి బండిలో, ఒకటి ఇంట్లో పెట్టండి. బీట్ ఆఫీసర్ గానీ వాచర్ గానీ వెంట వస్తానంటే సంతోషంగా ఒప్పుకోండి. ఏ మలుపు దగ్గర ఎలుగుబంటి తిరుగుతోందో ఆయనకు తెలిసినంత ఏ మ్యాప్‌కూ తెలియదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. గోదావరి అవతల వాజేడు, వెంకటాపురం మండలాల్లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల వైపు సాహసాలు వద్దు. కర్రెగుట్టల్లో మందుపాతరలు పెట్టామని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే ప్రకటించారు, ఆ తర్వాత భద్రతా దళాలు అక్కడ పెద్ద ఎత్తున ఆపరేషన్ చేశాయి. బొగత దాకా తారురోడ్డు, అంతే. పోలీసులు ఆపితే ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, ఆధార్ చూపించి, ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నారో సూటిగా చెప్పండి.

మూడు రోజుల దారి

మొదటి రోజు హనుమకొండ నుంచి పొద్దున్నే బయల్దేరండి. ములుగు ఊరి ముందర గట్టమ్మ గుడి దగ్గర ఆగడం ఇటు పోయేవాళ్లందరికీ ఆనవాయితీ. మీరు నమ్మినా నమ్మకపోయినా ఆగండి. అక్కడే బండికి కట్టిన తాళ్లు సడలాయేమో చూసుకోవచ్చు. ములుగులో ట్యాంక్ ఫుల్ చేయించి, జంగాలపల్లి దగ్గర తిరిగి పాలంపేట రామప్ప చూడండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మధ్యాహ్నం దాటాక అక్కడి నుంచి లేచి, సాయంత్రం నాలుగుకల్లా లక్నవరం చేరాలి.

రెండో రోజు పస్రా మీదుగా తాడ్వాయి. ఇది కిలోమీటర్లలో చిన్న రోజు, కావాలనే చిన్నగా పెట్టింది. పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా మేడారం పోయి, గద్దెలు దర్శించుకుని, 14 కిలోమీటర్ల అడవి రోడ్డున తాడ్వాయికి రావచ్చు. ఆ దారిలో చెట్లు కొన్నిచోట్ల వేళ్లతో సహా ఎందుకు పడిపోయాయని అనుమానం రావచ్చు. 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి ఈ అడవిలో వేల చెట్లు కూలాయి. అదే ఏడాది డిసెంబర్ 4న 5.3 తీవ్రతతో భూకంపం కూడా ములుగు కేంద్రంగానే వచ్చింది. తాడ్వాయి మండలంలోనే దామరవాయి ఉంది. గుట్ట మీద పెద్ద పెద్ద బండలు నిలబెట్టి పైన రాతి పలక కప్పిన ఆదిమానవుల సమాధులు, జనం నోట రాక్షసగుళ్లు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు రామప్ప కన్నా ఇవే ఎక్కువ పట్టుకుంటాయని నా అభిప్రాయం. ఊళ్లో ఎవరినైనా తోడు తీసుకునే వెళ్లండి, రాళ్లెక్కి ఫొటోలు దిగకండి.

మూడో రోజు తెల్లారగానే ఏటూరునాగారం. అక్కడ పెట్రోల్ మళ్లీ నింపుకుని, ముళ్లకట్ట వంతెన మీద గోదావరి దాటి, వాజేడు మండలంలో చీకుపల్లి వాగు మీదున్న బొగత. నీటి ఉధృతి ఎక్కువున్నప్పుడు లోపలికి దిగనివ్వరు. దిగనిచ్చిన రోజు కూడా పాచి పట్టిన బండల మీద బూట్లతో నడవకండి. ఒంటిగంట కల్లా తిరుగు ముఖం పట్టాలి. శీతాకాలంలో ఆరుకల్లా చీకటి. ఏటూరునాగారం, పస్రాల మధ్య అడవి ముక్క వెలుతురుండగానే దాటేయాలి. ఎడ్లు, గేదెలు, దుప్పులు, లైట్లు లేని ట్రాక్టర్లు, ఇవన్నీ చీకట్లో ఆ రోడ్డు మీదికే వస్తాయి.

బండి

స్ప్లెండర్ చాలు. నవ్వకండి. 9.8 లీటర్ల ట్యాంకుతో ఈ దారంతా ఒక్క ఫుల్ ట్యాంకులో తిరిగి రాగలిగిన బండి అది. చెడిపోతే పస్రాలో, తాడ్వాయిలో ఏ మెకానిక్ అయినా పది నిమిషాల్లో విప్పుతాడు. బరువు తక్కువ కాబట్టి ఇసుకలో దిగబడితే ఇద్దరు కలిసి ఎత్తేయొచ్చు. బుల్లెట్ మీద వచ్చే సరదా కాదనను, కానీ దాని విడిభాగం కోసం హనుమకొండ దాకా రావాల్సి రావచ్చు. రెండు లేదా మూడు బండ్లు కలిసి వెళ్లడం మంచిది. ఒక్క బండి మీద వద్దు. పది బండ్లు అసలే వద్దు, అది ఊరేగింపు అవుతుంది.

వారం ముందే సర్వీసింగ్ చేయించండి, ముందురోజు కాదు. సర్వీసింగ్‌లో సరిగా బిగించని నట్టు ఏదైనా ఉంటే ఆ వారంలో బయటపడుతుంది. బ్రేక్ షూ, చైన్ బిగువు, క్లచ్ వైరు, ఎయిర్ ఫిల్టర్, హెడ్‌లైట్ చూపించండి. వెంట ఒక క్లచ్ వైరు, ఒక యాక్సిలరేటర్ వైరు, స్పార్క్ ప్లగ్, ప్లగ్ స్పానర్, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, కొంచెం కట్టుతీగ ఉండాలి. ట్యూబ్‌లెస్ టైర్లయితే పంచర్ స్ట్రిప్ కిట్, గాలి పంపు. స్పోక్ చక్రాలయితే అదనంగా ట్యూబు, టైర్ లివర్లు. వీటిని ఇంటి దగ్గరే ఒకసారి విప్పి బిగించి చూడండి. పంచర్ వేయడం అడవిలో నేర్చుకునే విద్య కాదు.

సామాను కట్టడం

బరువైనవి కింద, సీటుకు దగ్గరగా ఉండాలి. నీళ్లు, పనిముట్లు రెండు పక్కల శాడిల్ బ్యాగుల్లో సమానంగా. టెంట్, దుప్పటి, పరుపు చాప వెనక క్యారియర్ మీద అడ్డంగా. బంగీ తాడొక్కటే నమ్ముకోకండి, గుంతల్లో ఎగిరి హుక్కు ఊడి చక్రంలో పడుతుంది. మామూలు నైలాన్ తాడుతో ఒక కట్టు వేసి, పైన బంగీ పెట్టండి. తాడు కొస వేలాడకూడదు, సైలెన్సర్‌కు ఏదీ తగలకూడదు. వీపుకు బరువైన బ్యాగు వద్దు, సాయంత్రానికి నడుము మాట్లాడుతుంది.

సైడ్ స్టాండ్ కింద పెట్టడానికి చదునైన చెక్కముక్క ఒకటి ఉంచుకోండి. మెత్తటి నేలలో స్టాండ్ దిగబడి రాత్రి బండి టెంట్ మీద పడ్డ కథలు విన్నాను.

అభయారణ్యంలో నిప్పు లేదు కాబట్టి వంట సరంజామా అవసరం లేదు. హట్స్ దగ్గరా, పస్రా, ఏటూరునాగారం హోటళ్లలోనూ అన్నం దొరుకుతుంది. మధ్యలోకి సకినాలు, సర్వపిండి, అటుకులు, పల్లీలు, బెల్లం, ఉడకబెట్టిన గుడ్లు చాలు. సర్వపిండి మర్నాటికి కూడా పాడవదు. నీళ్లు మనిషికి 4 లీటర్లు ఎప్పుడూ ఉండాలి. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా అలాగే తాగొద్దు.

దోమతెర లేని టెంట్ ఇక్కడ పనికిరాదు. ఏజెన్సీ మలేరియా పేరు వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నిండు చేతుల చొక్కా, దోమల క్రీము, తల లైటు, పెద్ద టార్చి, కర్ర, పవర్ బ్యాంకు, పారాసెటమాల్, ఓఆర్ఎస్, కట్టుగుడ్డలు. బ్లూటూత్ స్పీకర్ ఇంట్లో వదిలేయండి, దయచేసి.

అడవి బాట, ఇసుక, వాగు

టేకు ఆకు రాలే కాలంలో బాట మీద పరచుకున్న ఆకు కింద రాయి ఉంటుందో గుంత ఉంటుందో తెలియదు, పైగా జారుతుంది. రెండో గేరు, వెనక బ్రేకు, తొందరలేని యాక్సిలరేటర్. ఇసుకలో హ్యాండిల్ బిగపట్టకండి, ముందు చక్రం కొంచెం అటూ ఇటూ ఆడినా పోనివ్వండి. ఒంటి బరువు వెనక్కి జరిపి, ఆగకుండా సాగాలి. ముందు బ్రేకు పట్టారంటే పడిపోయినట్టే. వేడి మీదున్న బండిని ఎండుటాకుల మీద ఆపొద్దు. సైలెన్సర్ వేడికి ఆకు అంటుకుంటే మీ బండితో పాటు అడవి కూడా పోతుంది.

వాగు దగ్గర బండి దిగి, కర్రతో ముందు మీరు దాటి చూడండి. నీళ్లు కదలకుండా, పిక్కల లోపు, అడుగు గట్టిగా ఉంటేనే బండి దించాలి. మోకాలి లోతు పారే నీరు మనిషినీ బండినీ కలిపి తోసేస్తుంది. నీళ్లు ఎర్రగా బురదగా మారాయంటే పైన వాన పడ్డట్టు, వెనక్కి తిరగండి. దాటేటప్పుడు మొదటి గేరు, ఒకే తీరు యాక్సిలరేటర్, మధ్యలో క్లచ్ పట్టొద్దు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. ఇంజన్‌లోకి నీరు చేరి ఉంటే లోపల విరుగుతుంది. ఒడ్డుకు తోసుకొచ్చి, ప్లగ్ విప్పి, ఎయిర్ ఫిల్టర్ చూసి, కిక్ కొట్టి నీళ్లు పోగొట్టాకే స్టార్ట్ చేయాలి. బయటికొచ్చాక బ్రేకులు రెండుమూడు సార్లు మెల్లగా పట్టి ఆరనివ్వండి.

టెంట్ వేసే చోటు, రాత్రి

అనుమతి ఉన్న ఆవరణలోనైనా చోటు మీరే చూసుకోవాలి. తలెత్తి చూడండి: ఎండు కొమ్మ, ఒరిగిన చెట్టు, వెదురు పొద పైనా పక్కనా ఉండకూడదు. నేల చూడండి: చీమల పుట్ట, పాము పుట్ట, పందులు తవ్విన మట్టి, జంతువులు నడిచే సన్న బాట ఉంటే జరగండి. వాగు ఇసుక మెత్తగా, చల్లగా, పడుకోవడానికి పిలుస్తున్నట్టే ఉంటుంది. రాత్రి నీళ్లకు వచ్చే జంతువుల దారి అదే, వరద దారీ అదే. మార్చిలో వెళ్తే ఇప్ప చెట్టు కింద అసలే వద్దు, రాలిన పువ్వు కోసం ఎలుగులు తెల్లవారుజామున వస్తాయి.

వెలుతురుండగానే టెంట్ లేపి, కింద తార్పాలిన్ పరచి, దాని అంచులు టెంట్ కిందికి మడవండి. బయటికి ఉంటే మంచు నీళ్లన్నీ దాని మీద నిలిచి లోపలికి వస్తాయి. జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి. బూట్లు లోపలే పెట్టుకుని, పొద్దున తొడిగే ముందు బోర్లించి దులపండి. తిండి టెంట్‌లో పెట్టకండి, సబ్బు, పేస్టు కూడా. వాటిని వాచర్ గదిలో పెట్టమని అడగండి. బహిర్భూమి పని చీకటి పడకముందే చూసుకోవాలి. రాత్రి తప్పనిసరైతే ఇద్దరు కలిసి, టార్చితో, కర్ర నేలకు తాటించుకుంటూ, దగ్గర్లోనే.

చలిమంట వేద్దామన్న మాట ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. వద్దనండి. ఇప్పసారా మాట కూడా వస్తుంది, దానికీ అదే జవాబు. తాగి నిద్రపోయిన మనిషికి కట్లపాము కుట్టినా తెలియదు.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి: సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, రాత్రి ఫోన్ రాకపోతే టెన్షన్ పడొద్దు, మర్నాడు మధ్యాహ్నం దాకా కబురు లేకపోతే మాత్రం మకాం నంబర్‌కు ఫోన్ చేయమనండి. మ్యాప్ ఇంటి దగ్గరే ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

జంతువు ఎదురైతే

చిరుత, ఎలుగుబంటి, అడవి దున్న, రేసుకుక్కలు, మనుబోతు, చుక్కల దుప్పి ఇక్కడివే. పెద్దపులి అప్పుడప్పుడు గోదావరి దాటి వచ్చిపోతుంటుంది. దున్న గానీ ఎలుగు గానీ బాట మీద కనిపిస్తే దూరంగా ఆపండి, హారన్ కొట్టకండి, లైటు కళ్లలో వేయకండి. దానికి పోయే దారి వదిలితే పోతుంది. కాలినడకన ఎలుగు ఎదురైతే పరుగెత్తొద్దు, దాని వైపే ముఖం పెట్టి మెల్లగా వెనక్కి నడవండి. పిల్లల తల్లయితే తల్లికీ పిల్లలకూ మధ్యలోకి పోకూడదు.

పాము కుడితే

కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, పసరు మందు కోసం గంట పోగొట్టొద్దు. ఉంగరాలు, గడియారం, కడియాలు తీసేసి, కాలైనా చెయ్యైనా కదలకుండా బద్దకట్టు కట్టి, 108కు ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే అంబులెన్సు కోసం చూడకుండా మనిషిని బండి మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఒకరు పట్టుకుని, ఏటూరునాగారం గానీ ములుగు గానీ ఏది దగ్గరైతే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి. పాముకాటుకు పనిచేసే మందు యాంటీ వెనమ్ ఒక్కటే. పరిస్థితి విషమిస్తే అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎంకు పంపుతారు. పామును చంపి తెచ్చే ప్రయత్నం వద్దు, ఇంకొకరిని కూడా కుట్టవచ్చు.

గూడెంలో

లోపలి ఊళ్లు ఎక్కువగా కోయ గూడేలు. బండి ఊరి బయటే నెమ్మది చేసి, పెద్దవాళ్లు కనిపిస్తే దిగి పలకరించండి. తాతా, అవ్వా, అన్నా, అక్కా అంటే చాలు. అడగకుండా ఫొటో తీయొద్దు, ఇంటి లోపలికి కెమెరా పెట్టొద్దు. పిల్లలకు చాక్లెట్లు పంచి వీడియో తీసే అలవాటు మరీ చిరాకు. ఏదైనా ఇవ్వాలనుంటే ఊరి కిరాణా కొట్టులోనే కొనండి, నాటుకోడి గుడ్లో తేనో వాళ్ల దగ్గరే బేరమాడకుండా కొనుక్కోండి. దారి అడిగితే వాళ్లు చెప్పిన దూరానికి రెండింతలు లెక్క వేసుకోండి. వాళ్లకు దూరమంటే నడక అలవాటున్న కాళ్ల దూరం.

తిరిగొచ్చాక

మీరు తెచ్చిన ప్రతి కవరూ సీసా మీతోనే హనుమకొండకు రావాలి, గుడ్ల పెంకులతో సహా. టెంట్ తడిగా మడిచి అటక మీద పెడితే బూజు పడుతుంది, రెండు రోజులు నీడలో ఆరేయండి. బండి చైన్ కడిగి నూనె వేయించండి, ఎయిర్ ఫిల్టర్ దులిపించండి, వాగు దాటి ఉంటే బ్రేక్ డ్రమ్ములు విప్పించి బురద తీయించండి. ఆ తర్వాత నెల రోజుల్లోపు ఎవరికి చలిజ్వరం వచ్చినా మామూలు వైరల్ అనుకుని గోళీలు మింగకుండా రక్తపరీక్ష చేయించుకోండి. ఏజెన్సీ అడవిలో పడుకుని వచ్చామన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి, అడిగేదాకా ఆగొద్దు.